జేబులో రైలు టైంటేబుల్

పెనం మీద అట్టు మాడుతున్నా ఆల్మా పట్టించుకోలేదు. కూతురు చేతికిచ్చిన కాగితంలో ఒకే వాక్యం దగ్గర ఆగిపోయింది.

షయాన్ ఊళ్లో ఎప్పటిలాగే గాలి కిటికీలను దడదడలాడిస్తోంది. క్లైడ్ కాఫీ తాగుతూ పేపరు చూస్తున్నాడు. ఇరవయ్యేళ్ల వెర్నా మాత్రం కూర్చోలేదు. విమానంలో పరిచారికగా ఎంపికైంది మరి. ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి శుక్రవారంలోగా తల్లి సంతకం కూడా చేరాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరిది.

"పెళ్లయితే ఉద్యోగం పోతుందని రాశారు, చూశావా?" అంది ఆల్మా.

"ఎప్పుడో చేసుకునే పెళ్లికి ఇప్పట్నుంచే గొడవెందుకమ్మా?"

"నేను సంతకం పెట్టను."

ఆల్మా కూడా ఒకప్పుడు ఆ పని చేసిందే. పందొమ్మిది వందల ముప్పై ఒకటిలో, నర్సులను మాత్రమే తీసుకునే రోజుల్లో. ఎక్కే ముందు ప్రయాణికులతో పాటు తననీ తూచేవారు. మరుగుదొడ్డి అనుకుని బయటి తలుపు తెరవబోయే పెద్దమనుషులను కోటు పట్టుకుని వెనక్కి లాగేది. మంచు పడి విమానం ఆగిపోతే అందరినీ రైలెక్కించడమూ ఆమె పనే, అందుకే జేబులో ఎప్పుడూ రైలు టైంటేబుల్ ఉండేది. స్టేషన్లో టిక్కెట్లిచ్చే క్లైడ్ అలాగే పరిచయమయ్యాడు. మంచు ఎప్పుడు పడుతుందా అని రోజూ ఆకాశం వంక చూసేవాడట, గడుసువాడు. ఈ ముచ్చట్లన్నీ వెర్నా చిన్నప్పట్నుంచీ విన్నవే. ఇంటి మీద మనసై మానేశానని ఆల్మా ముగించేది.

ఇప్పుడు వెర్నా అదే ఎత్తిచూపింది. "నీకు మనసై నువ్వు మానుకున్నావు. మొదలే పెట్టని దాన్ని నన్నెందుకు మానిపిస్తావు? నాన్నా, నువ్వైనా చెప్పు."

క్లైడ్ పేపరు మడిచాడు. "మీ అమ్మ మానుకోలేదు. నేనే పోగొట్టాను."

ఆల్మా వద్దన్నట్టు చూసినా అతను ఆగలేదు. అప్పుడూ అదే నిబంధన, అందుకే గుట్టుగా పెళ్లి చేసుకున్నారు; అప్పటికి నాలుగు నెలలు. ఉంగరం ఆమె టోపీ లోపల కుట్టి ఉండేది. ఒక మధ్యాహ్నం పదకొండు మందిని వెంటబెట్టుకుని, మంచులో నడుచుకుంటూ స్టేషనుకొచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి. క్లైడ్ పరుగున వచ్చి తన కోటు కప్పి, 'తప్పుకోండి, నా భార్య గడ్డకట్టుకుపోతోంది' అనేశాడు. పైలట్ పక్కనే ఉన్నాడు. వారం తర్వాత ఉద్యోగం తీసేసినట్టు ఉత్తరం వచ్చింది.

"నన్నెవరూ అనకూడదని తనే మానేశానని చెప్పుకుంది. ఇరవై ఒక్కేళ్లుగా నేను ఆ మాట చాటున బతుకుతున్నాను," అన్నాడు క్లైడ్.

వెర్నా మెల్లగా కూర్చుని తల్లి చెయ్యి పట్టుకుంది. ఏమీ తెలియకుండా ఎంత మాట అన్నానా అని ఆమెకు ఏడుపొచ్చింది.

"ఉద్యోగం పోయిందని వారం రోజులు ఏడ్చాను," అంది ఆల్మా. "కానీ క్లైడ్, నాలుగు నెలలు దొంగకాపురం చేశాక నలుగురిలో 'నా భార్య' అన్న మాట విన్నాను చూడు, ఆ రాత్రి దానికీ ఏడ్చాను. నీకెప్పుడూ చెప్పలేదు. ఇది కూడా అలా ఉంగరం దాచుకు తిరగాలేమోనని నా భయం."

"దాచనమ్మా. వాళ్ల ముఖం మీదే చెబుతాను. తీసేస్తే తీసెయ్యనీ."

ఆల్మా కళ్లు తుడుచుకుని సంతకం పెట్టింది. తర్వాత సొరుగులోంచి అంచులు చిరిగిన టైంటేబుల్ తీసి కూతురికిచ్చింది.

"ఇప్పటి విమానాలకు ఇది అక్కర్లేదమ్మా."

"ఉంచుకో," అంది ఆల్మా, క్లైడ్ భుజం మీద చెయ్యి వేస్తూ. "ఎప్పుడైనా మంచు పడొచ్చు."