స్కాన్‌లో వెలిగిన గొంతు

"ఎక్స్‌క్యూజ్ మీ, వో కుర్సీ మేరే పాపా కీ హై!"

కీమో సూది గుచ్చకముందే, వాళ్ళ నాన్న కుర్చీలో కూర్చున్నానని నాతో తగువుకొచ్చిందా అమ్మాయి. బయట వాన దంచుతోంది. వార్డులో వాన కనిపించే కుర్చీ అదొక్కటే.

"ఏటమ్మా, ఈ పిల్ల జోరు!" అని మా అమ్మతో గొణిగాను.

"జోరు కాదండీ, న్యాయం," అంది తెలుగులో. ఇంకేముంది, కుర్చీ ఇచ్చేశాను.

పేరు లక్ష్మీసౌజన్య. వాళ్ళ నాన్న రఘురాంగారు బ్యాంకు ఆఫీసరు, బదిలీ మీద కోల్‌కతా వచ్చారు. నేను ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడరేవు క్లర్కుని. ఢిల్లీశ్వరరావునని చెబితే, "కోల్‌కతాలో ఢిల్లీయా!" అని పకపకా నవ్వింది.

పదిహేను రోజులకోసారి కీమో. ఆ తారీఖు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే పేషెంటుని నేనొక్కణ్ణే. రఘురాంగారిది నిదానంగా పెరిగే లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. నాది అందులోనే హాడ్జ్‌కిన్ రకమని మెడ మీది గడ్డ తీసి పరీక్ష చేసి తేల్చారు.

"ఏ స్టేజి?" అని ఓ రోజు మెల్లగా అడిగింది.

"రెండు. మెడలో, ఛాతీలో ఉందండి. కడుపులోకి దిగలేదు."

"పరీక్షలో మార్కులు చెప్పినట్టు చెబుతారేంటండీ!" అంది. ఆ రోజంతా నన్ను నవ్విస్తూనే ఉంది.

నాలుగు డోసులయ్యాక పెట్ స్కాన్. మందు పనిచేస్తోందో లేదో అందులో తేలుతుంది. బాగుందంటేనే సౌజన్యకి మనసులో మాట చెప్పాలి, లేదంటే జన్మలో నోరు విప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

స్కాన్‌కి ముందు ఇంజెక్షన్ చేసి, ఒక గదిలో పడుకోబెట్టి, గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దు అన్నాడు బెంగాలీ టెక్నీషియన్. నేను కదల్లేదు. కానీ ఆ మాట ఎలా చెప్పాలో పైకే ప్రాక్టీసు చేశాను. గంటలో నలభైసార్లు!

రిపోర్టు రోజు అమ్మ సౌజన్యని కూడా లోపలికి లాక్కొచ్చింది.

"నువ్వూ రా పాపా. డాక్టరమ్మ ఇంగ్లీషు నాకేటి తెలుస్తాది?"

డాక్టరు స్క్రీన్ మావైపు తిప్పింది. గొంతు దగ్గర ఏదో ధగధగా వెలుగుతోంది. జబ్బు గొంతుకీ పాకిందనుకున్నాను.

డాక్టరు చెప్పింది విని సౌజన్య ఎగిరి గంతేసింది. "గడ్డలన్నీ చల్లారిపోయాయటండీ! మందు బ్రహ్మాండంగా పనిచేస్తోందట! ఇంకా కొన్ని డోసులు పూర్తిచేస్తే చాలట!"

అమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "మరా వెలుగేటి?" అంది.

సౌజన్య అడిగి తెలుసుకుంది. "అది జబ్బు కాదటమ్మా. ఇంజెక్షన్ అయ్యాక మాట్లాడితే గొంతు కండరాలు అలా కనిపిస్తాయట. గంటసేపు ఎవరితో మాట్లాడారని అడుగుతున్నారు."

"ఎవరితోనూ కాదు. ఒక్కణ్ణే."

"ఏం మాట్లాడారు?"

ఇది డాక్టరు అడగలేదు. సౌజన్యే అడిగింది.

ప్రాక్టీసు చేసినవాటిలో ఒక్క ముక్కా గుర్తురాలేదు. "మీరంటే నాకు ప్రాణమని," అనేశాను.

సౌజన్య ముఖం ఎర్రబడింది. తెలుగు రాని డాక్టరు పేషెంటు ఏమన్నాడో చెప్పమని తననే అడిగింది.

సౌజన్య నావైపే చూస్తూ ఇంగ్లీషులో చెప్పింది. "నేనంటే ప్రాణమట డాక్టర్. నాకూ అంతే."

ఆ రెండో ముక్క నేననలేదు!

"ఏటన్నాదిరా?" అని అమ్మ నన్ను కుదిపేసింది.

ఈసారి తెలుగులో చెప్పే వంతు నాది.

"ఒప్పుకున్నాదమ్మా!"