ఎండతో నడిచే తలుపు

“పని చిన్నదే పూర్ణిమా,” అన్నాడు చీఫ్ సీతారామయ్య, ఉప్పల్ మెట్రో పిల్లరు నీడలో చెరకు రసం తాగుతూ. ఆయన చిన్నదన్న ప్రతి పనికీ పూర్ణిమ ఒంటి మీద ఒక కుట్టు గుర్తుంది.

“ఏ దేశం రెన్యూవబుల్ ఎనర్జీ ఎంత వాడుతోంది, టార్గెట్‌కు ఎంత దూరంల ఉంది, ఆ టేబుల్ ఇరవయ్యో తారీఖు మధ్యాహ్నం పన్నెండుకు అంతర్జాతీయ సదస్సు తెర మీదికొస్తది. ఒక విదేశీ ముఠా నాచారంల కూసోని ఆ అంకెలు మార్చబోతోంది. వెనకబడ్డట్టు కనబడ్డ దేశాలన్నీ వాళ్ల డొల్ల కంపెనీ ప్యానెళ్లే కొనాలె. అదీ ప్లాన్.”

“మన అంకె ఎట్లుంది సార్?”

“ముప్పై ఏండ్ల కింద మస్తుండె. కట్టెల పొయ్యి కూడా ఆ లెక్కలకే వస్తది గదా. గ్యాసొచ్చినంక శాతం పడ్డది.”

“అంటే మా అమ్మ పొగకు దగ్గినన్ని రోజులు దేశం ముందున్నట్టు.”

చీఫ్ రసం గ్లాసు పక్కన పెట్టాడు. జుట్టుపిన్నులో దాచిన ట్రాన్స్‌మిటర్, సోలార్ ప్యానెళ్లు కడిగే బ్రష్షు చేతిలో పెట్టాడు. మొదటిది గాడ్జెట్, రెండోది మారువేషం. ముఠా బిల్డింగు మేడ మీద ప్యానెళ్లు కడిగిన పది రోజుల్లో ఎక్కువ పనికొచ్చింది రెండోదే.

ఇరవయ్యో తారీఖు పదకొండున్నరకు పూర్ణిమ ముఠావాళ్ల సర్వర్ రూంలో అడుగుపెట్టింది. రమ్మన్నది డిపార్ట్‌మెంట్ డేటా అనలిస్ట్ స్వర్ణలత. నల్ల కళ్లద్దాలు, సన్నటి పట్టుచీర, గదికి ముందే చేరే సెంటు. కోడ్ వర్డ్ తప్పులేకుండా చెప్పింది. చెప్పి, బయటికి జరిగి, తలుపు మూసింది.

“సారీ అక్కా,” అంది అద్దం అవతల నుంచి. “జీతం ఇద్దరి దగ్గర తీసుకుంటున్న. పన్నెండుకు అప్‌లోడ్ అయిపోతది. ఎంబడే మంటలార్పే గ్యాస్ ఇడుస్తది. రూంల గాలి మిగలదు. జర నిద్రొచ్చినట్టుంటది, అంతే.”

గోడలకు రేకు తాపడం. పిన్నుకు సిగ్నల్ సున్నా. కీబోర్డు లాక్, వైర్లన్నీ ఇనుప పైపుల్లో. తలుపును పట్టి ఉంచింది కరెంటు అయస్కాంతం. భుజంతో గుద్దితే భుజమే నొచ్చింది. స్క్రీన్ మీద అప్‌లోడ్ ఎనభై మూడు శాతం.

అయస్కాంతానికి కరెంటెక్కడిది? మీటర్ తిరిగితే పట్టుబడతామని ముఠా కరెంటు బోర్డు లైను తీసేసింది. బ్యాటరీలకు ఆర్డరిచ్చి నెలయింది. ఉప్పల్ షాపువాడు రేపు రేపంటూనే ఉన్నాడు. అంతర్జాతీయ ముఠాకైనా ఆ రేపు ఒకటే రేపు. అంటే బిల్డింగు మొత్తం మేడ మీది పన్నెండు ప్యానెళ్ల దయతో నడుస్తోంది.

పైకప్పు దగ్గర ఇనుప జాలీ బిగించిన అరచేయంత గాలిరంధ్రం. అందులోంచి కాకిని తిడుతున్న గొంతు వినబడింది. పిట్టగోడ అవతలి పక్క మేడ రుక్కమ్మ! పూర్ణిమ స్టూలెక్కింది.

“రుక్కమ్మత్తా!”

“ఎవలే?”

“నేను, పూర్ణిమను. ప్యానెళ్లు కడిగే పూర్ణిమను.”

“ఓ, నువ్వా! మొన్న గా పలకల మీద నాలుగు వడియాలు పెడితే ఎత్తిపారేసినవ్. ఇయ్యాల అత్తనైననా?”

“తప్పయింది. ఇయ్యాల పన్నెండు పలకల మీదా పెట్టుకో. కింద బొంతలు, గొంగళ్లు, ఏదుంటే అది పర్సు. పలక ఇంచు కూడా కనబడొద్దు.”

“సాయంత్రందాక ఎత్తమనొద్దు మల్ల.”

“నా మీదొట్టు.”

“ఆగు, పిండి జర పలుచగైంది…”

“పిండి తర్వాత అత్తా! బొంతలు!”

పదకొండూ యాభై. మొదటి బొంత పడింది, లైటు కన్నుకొట్టింది. గొంగడి పడింది, ఫ్యాను మూలిగింది. స్క్రీన్ మాత్రం కదులుతూనే ఉంది. తొంభై ఆరు. స్వర్ణలత వాచీ చూసుకుని, చెయ్యూపి, లిఫ్టెక్కింది.

“పదకొండు పలకలు గప్పిన. ఇగ పెండ్లి చీరొక్కటే ఉన్నది,” అంది రుక్కమ్మ.

“పర్సు!”

“ఖరాబైతే నువ్వు కొనిస్తవా?”

“సర్కారు కొనిస్తది!”

“సర్కారా? ఈ జన్మలనేనా?”

తొంభై తొమ్మిది. పూర్ణిమ గాలిరంధ్రానికి నోరానించింది. “అత్తా, నా పానం గా చీర కిందున్నదే!”

పైన పట్టుచీర గరగరా విప్పిన చప్పుడు.

చీకటి. ఫ్యాను ఆగింది, స్క్రీన్ ఆరింది. గ్యాస్ సిలిండరు పలకలేదు. తలుపు టక్కుమని వదులైంది.

గది దాటగానే పిన్నుకు సిగ్నలొచ్చింది, చీఫ్‌కు కబురు పోయింది. మెట్లు దిగుతుంటే రెండంతస్తుల నడుమ లిఫ్టు దబదబా మోగుతోంది. “అక్కా! లిఫ్ట్ ఆగింది! తలుపు తియ్యి!”

“సారీ చెల్లె,” అంది పూర్ణిమ. “గాలైతే ఉంటది. ఫికర్ జెయ్యకు.”

పన్నెండు గంటలకు సదస్సు తెర మీదికి అసలు టేబులే వచ్చింది. పన్నెండుంపావుకు చీఫ్ ఫోన్. “ముఠా మొత్తం దొరికింది. శభాష్. ఆ స్వర్ణలతను ఎప్పుడు బయటికి తీస్తవ్?”

పూర్ణిమ మేడ మీదికి చూసింది. పట్టుచీర మీద పాత ధోతి పరిచి, తొణకకుండా మూడో వరస పెడుతోంది రుక్కమ్మ. ఒట్టు ఒట్టే.

“వడియాలు ఎండినంక, సార్.”