ఇప్పలవలసలో బదులు పలికిన గొంతు

పొద్దు వాలాక ఇప్పలవలస వైపు ఎవరూ పోరు.

పోవడానికి అక్కడ ఊరంటూ ఏదీ లేదు మరి. రిజర్వాయరు కోసం ఖాళీ చేయించిన ఊరు అది. జనాన్ని లారీల్లో ఎక్కించి రోడ్డవతల కాలనీకి తోలేశారు. పొక్లెయిన్లు వచ్చి ఇళ్ళు పడగొట్టి పోయాయి. నీళ్ళు మాత్రం రాలేదు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి... మొండిగోడల మధ్య తుప్పలు లేచాయి. మనిషి పురుగన్నది లేదు.

ఆ ఊళ్ళోంచి రాత్రిపూట మాటలు వినిపిస్తాయంటారు.

ఒక్కరివి కాదు. ఊరంతా మాట్లాడుతుందట. ఆడవాళ్ళు నవ్వుతారట. రోకలి పోటు వినబడుతుందట. కోడి కూస్తుందట— ఆ పాడుబడ్డ చోట కోడి ఎక్కణ్ణించి వస్తుంది? తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ పోయిన ఒకాయన ఆ కూత విని, మేకను వదిలేసి వచ్చి, మూడు రోజులు జ్వరంతో లేవలేదు.

ఈ సంగతి జగన్నాధానికి రాజాం బస్టాండు దగ్గర లక్ష్ముడనే ఆటో అతను చెప్పాడు. రెండువేల పద్దెనిమిది వేసవి అది.

"సీకటి పడితే నానటేపు ఎల్లను సార్."

"ఏటుంది అక్కడ?"

లక్ష్ముడు ఇటూ అటూ చూసి గొంతు తగ్గించాడు. "ఊరు సచ్చిపోనాది గదా సార్... దాని దెయ్యం."

జగన్నాధం నవ్వలేదు. మనుషుల దెయ్యాల గురించి విన్నాడు గానీ ఊరికి దెయ్యం ఉంటుందని ఎప్పుడూ వినలేదు. పైగా ఆ ఊరు బతికున్నప్పుడు చూసినవాడు.

జగన్నాధం డాక్యుమెంటరీలు తీస్తాడు. సినిమా తీస్తాడని ఎవరైనా పరిచయం చేస్తే అవతలివాళ్ళు "హీరో ఎవరు?" అంటారు. పొందూరులో నేతవాళ్ళ ఇంట పుట్టాడు. చేప దవడ ఎముకతో పత్తి దువ్వే వాళ్ళమ్మ చేతుల్ని మొట్టమొదట తీశాడు— పెళ్ళిళ్ళు తీసే అద్దె కెమెరాతో. ఆ తర్వాత గుజరాత్ రేవులకు వలసపోయే జాలర్ల మీద, తాళం పడిన మిల్లు ముందు రోజూ వచ్చి కూర్చునే కూలీల మీద... మొత్తం ఎనిమిది. పావుగంటకు కుదిస్తే వేస్తామన్నారు టీవీవాళ్ళు. ఒప్పుకోలేదు. సంఘాల ఆఫీసుల్లో, కాలేజీ గదుల్లో తనే తెర కట్టి, తనే ఆడించి, తనే తెర మడిచి సంచిలో పెట్టుకుని వచ్చేవాడు. ఒకసారి పార్వతీపురంలో పదకొండుమంది వచ్చారు. అందులో ముగ్గురు వానకి తలదాచుకోడానికి వచ్చినవాళ్ళు.

సౌండు చూసుకునే సోములు చాలాకాలం తోడున్నాడు. "పిల్లలు ఎదుగుతన్నారు బావా" అని ఒకనాడు పెళ్ళి వీడియోలకి వెళ్ళిపోయాడు. భార్య సుహాసిని టీచరు. విశాఖకి బదిలీ అయింది. తగువేమీ లేదు. ఆమె వెళ్ళింది, అతను వెళ్ళలేదు, అంతే. మొదట్లో రోజూ ఫోను. తర్వాత ఆదివారాలు. ఆ తర్వాత పండగలకి.

ఇప్పలవలస సినిమా రెండువేల పదమూడులో తీశాడు. బడి వరండాలో పడుకుని నాలుగు నెలలు ఉన్నాడు. ఇంటింటికీ వెళ్ళి మాట్లాడించాడు. సినిమా పూర్తయ్యాక ఊళ్ళోవాళ్ళకి డీవీడీలు పంచాడు, రెండుమూడు చోట్ల చూపించాడు. పొక్లెయిను మాత్రం సినిమా చూసి ఆగదు గదా. ఊరు పోయింది. ఆ తర్వాత కెమెరా సంచి విప్పితే చెయ్యి ఆడేది కాదు. నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

ఇప్పుడీ దెయ్యం మాట విన్నాక మళ్ళీ సంచి భుజాన వేసుకున్నాడు. ఏముందో వినొద్దాం. ఏమీ లేకపోతే గాలి చప్పుడైనా రికార్డు చేసుకొద్దాం... అనుకున్నాడు.

లక్ష్ముడు కల్వర్టు దగ్గరే ఆటో ఆపేశాడు. అక్కణ్ణించి ఒక్క అడుగు ముందుకి పోనిస్తే ఒట్టు.

"పొద్దున్నే వస్తాను సార్." ఆటో తిప్పుకుంటూ ఆగాడు. "మీరుంటే... ఎక్కించుకుంటాను."

చీకటి పడింది.

జగన్నాధం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు చేత్తో పట్టుకుని నడిచాడు. కళ్ళకేమీ కనబడదు గానీ చెవులకి ఊరంతా దగ్గరగా ఉంది. కీచురాళ్ళు. ఎక్కడో రేకు ముక్క గాలికి గోడని గీరుతోంది. తన చెప్పుల కింద పెంకు విరిగితే తనే ఉలిక్కిపడ్డాడు.

బడి ఉన్న చోటు దాటాడు. పెద్దవీధి మొదట్లోకి వచ్చాడు. గంటయింది... రెండు గంటలయింది. ఒక మొండిగోడకి ఆనుకుని కూర్చున్నాడు. దెయ్యం లేదు, ఏమీ లేదు. పాతికేళ్ళ బతుకు ఇలాగే ఎవరూ లేని చోట మైకు పట్టుకుని కూర్చోవడమేనా అనిపించి, లేచిపోదామనుకున్నాడు.

అప్పుడు వినిపించింది... నవ్వు.

ఆడవాళ్ళ నవ్వు. ఇద్దరు... కాదు, ముగ్గురు. నూతిలోంచి వస్తున్నట్టు, నేల కింద నుంచి వస్తున్నట్టు బోలుగా ఉంది.

జగన్నాధం హెడ్‌ఫోన్లు ఒకవైపు తీసి చూశాడు. చెవికి అందీ అందనట్టుంది. మళ్ళీ పెట్టుకున్నాడు. దగ్గరగా వినబడింది.

దబ్... దబ్... దబ్. రోకలి పోటు.

కోడి కూసింది.

మైకుని అటు తిప్పాడు. వేళ్ళ రాపిడి కూడా చెవుల్లో గరగరమంది. ఎవరో పిల్లని కేకేస్తున్నారు. ఎవరో దగ్గుతున్నారు. ఊరు నిద్ర లేచినట్టు ఒక్కో చప్పుడూ, ఒక్కో చప్పుడూ... అంతలో ఒక మగగొంతు అడిగింది—

"ఈ ఇల్లొదిలేసి ఎలాగెల్తావమ్మా?"

ఆ గొంతు జగన్నాధానిదే.

ఇక్కడ గోడకి ఆనుకుని నోరు మూసుకుని కూర్చున్న తనే, అక్కడ చీకట్లో మాట్లాడుతున్నాడు. తర్వాత మెల్లగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటే తెలిసింది. ఆ నవ్వు... నూతి దగ్గర తను తీసిందే. రోకలి... మధ్యలో కోడి... ఇది తన సినిమా! ఎవరో తన సినిమా పెట్టుకున్నారు.

గుండె కాస్త కుదుటపడింది. ఆ ప్రశ్న తర్వాత ఏమొస్తుందో అతనికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఏమీ రాదు. జగ్గమ్మ అనే ఆవిడ గుమ్మం వైపు చూసి, నోరు విప్పకుండా ఉండిపోతుంది. పదకొండు సెకన్ల మౌనం. కత్తిరించమని అందరూ చెప్పినా వినకుండా ఉంచాడు.

ఒకటి... రెండు... మూడు... అని లెక్కపెట్టుకున్నాడు. నాలుగు—

"ఎల్ను."

ఆడగొంతు. ముసలి గొంతు.

"ఎందుకెల్తాను? నా ఇల్లిది. ఇక్కడే ఉంటాను."

జగన్నాధం హెడ్‌ఫోన్లు జారిపోయాయి. ఆ సినిమాని వందసార్లు చూసి కూర్చినవాడు. అందులో ఆ మాట లేదు. ఆ గొంతే లేదు.

పారిపోదామని లేచాడు. రికార్డరు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని చూశాక ఏమనిపించిందో— పాతికేళ్ళ అలవాటు కాబోలు— గొంతు వచ్చిన వైపే అడుగు వేశాడు.

వీధి చివర రెండు గోడలు మిగిలిన ఇల్లు. గోడల మీద టార్పాలిన్ పరిచి ఉంది. కింద ఖాళీ సిమెంటు నీళ్ళ గోలెం. గోలెం లోపలి నుంచి సన్నటి నీలం వెలుగు. దాని పక్కన వీపు ఇటు తిప్పి, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని ఒక ఆకారం...

అతను దాని వెనకాలకే వచ్చేసరికి కాలి కింద పెంకు ఫెళ్ళున విరిగింది. ఆకారం ఉలిక్కిపడింది.

"ఎవులు?" రెండు చేతులూ గోలెం మీద అడ్డం పెట్టింది. "ఎవులు బాబూ? ఇటికలకొచ్చినావా?"

దెయ్యాలు మనిషికి భయపడవు. జగన్నాధానికి ప్రాణం లేచొచ్చింది.

"నేదమ్మా. నా పేరు జగన్నాధం. ఈ సినిమా తీసినోడ్ని."

ముసలమ్మ గోలెంలోకి చెయ్యి పెట్టి తడుముకుని ఒక చైనా ఫోను బయటికి తీసింది. బయటికి రాగానే ఆ బోలు గొంతు పోయి, మామూలు గొంతయింది. ఫోనులో జగన్నాధం ఇంకెవరినో ఏదో అడుగుతున్నాడు. ఆమె ఓసారి ఫోనుకేసి, ఓసారి ఇతనికేసి చెవి తిప్పింది.

"ఇందులో అడుగుతన్నోడివా?"

"అవునమ్మా."

"మరి ఇన్నాళ్ళూ నా మాట ఇనబడనేదేటి నీకు? దినామూ సెప్తన్నాను గదా."

అతను నేల మీద కూర్చుండిపోయాడు.

ఆమె పేరు దేముడమ్మ. కళ్ళకి శుక్లాలు. బొమ్మ కనబడదు, మాటలు చాలు. సినిమాని ఫోను షాపువాడు కార్డులో ఎక్కించి ఇచ్చాడు. చెవి కూడా మందమే గనక గోలెంలో పెట్టుకుంటే గట్టిగా వినబడుతుంది. పగలు కాలనీలో ఎవరింట్లోనో ఇంత పని చేసి, ఇంత తిని, పొద్దుగూకే వేళకి ఇక్కడికి వచ్చేస్తుంది.

"కాలనీలో ఇల్లివ్వలేదా నీకు?"

"నాను ఈ ఊరుదాన్ని కాదట." దేముడమ్మ నిదానంగా చెప్పింది. "కూతురు పురుడుకని ఇజీనగరం ఎల్లినాను. దానికి ఒళ్ళు బాగోక ఎనిమిది నెలలుండిపోనాను. వచ్చీసరికి సర్వే అయిపోనాది. వోళ్ళ కాయితంలో నాను లేను. నీ సినిమాలో కూడా లేను."

జగన్నాధం చేతిలో మైకు నేల మీద పెట్టాడు.

"ఈ ఈదిలో అందర్నీ అడిగినావు బాబూ. పక్కింటి జగ్గమ్మని అడిగినావు. అది నోరిప్పదని నాకు తెలుసు. మా గుమ్మం కాడకొచ్చి ఒక్క మాటా అడక్కుండా ఎల్లిపోనావని సెప్పినారు."

అప్పుడు గుర్తొచ్చింది. తాళం వేసిన తలుపు. తుప్పు పట్టిన తాళం మీద సాయంత్రపు ఎండ పడింది. చూడ్డానికి బాగుందని సినిమాలో మూడు సెకన్లు ఉంచాడు. అది ఎవరిల్లని అడగలేదు. నాలుగు నెలలున్నాడు, ఒక్కరినైనా అడగలేదు.

కెమెరా సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"ఇప్పుడడగమంటావా?" అన్నాడు చివరికి.

దేముడమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. జుట్టు సవరించుకుంది. "అడుగు" అంది.

టార్చిలైటు గోలెం అంచు మీద పెట్టాడు. కెమెరా తీశాడు. చెయ్యి ఆడింది. ఆమె వీధి ఆ చివరనుంచి మొదలుపెట్టి ఒక్కో గడపా చెప్పుకొచ్చింది— ఎవరి ఇల్లు, ఎవరి మనవడు ఏ వానలో పుట్టాడు, ఏ ఆవు ఎవరి పెరట్లో పడి మేసింది. బేటరీ అయిపోయేదాకా తీశాడు. అయిపోయాక కూడా ఆమె చెబుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు.

తెలతెలవారుతుండగా అన్నాడు— "సోమవారం కలెక్టరు ఆఫీసులో గ్రీవెన్సుకి పోదామమ్మా. ఇది చూపిద్దాం. నేను వస్తాను నీతో."

"వస్తాను. అందాకా ఈ గోడలు నిలబడాల గదా? ఇల్లే నేకపోతే దేన్ని సూపించి నాదని సెప్తాను?" ఆమె గోడని అరచేత్తో తడిమింది. "ఇటికల కోసం ట్రాక్టర్లోళ్ళు మిగతా ఈదులన్నీ ఊడ్సుకుపోనారు. దెయ్యం ఉందనీసి ఈ ఈదిలోకి మాత్రం రారు. నువ్వు ఎల్లి ముసిల్ది ఉన్నాదని సెప్పీకు బాబూ."

జగన్నాధం కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి ఆటో ఇంకా రాలేదు. ఒక ట్రాక్టరు ఆగి ఉంది. తొట్టిలో నలుగురు, గునపాలు, తట్టలు. ఊళ్ళోంచి నడిచొస్తున్న మనిషిని చూసి నలుగురూ మాట ఆపేశారు.

"రాత్రంతా అక్కడున్నారా సార్?" డ్రైవరు దిగకుండానే అడిగాడు. "ఏటైనా... ఇనబడిందా?"

జగన్నాధం రాత్రంతా నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళతో వాడికేసి చూశాడు. భుజాన సంచి బరువుగా ఉంది.

"ఇనబడింది," అన్నాడు. "మొదట నా గొంతే ఇనబడింది. తర్వాత ఒక ఆడమనిసి బదులు సెప్పింది. ఇల్లు నాది, ఎల్ను అన్నాది."

అందులో ఒక్క ముక్కా అబద్ధం లేదు.

డ్రైవరు ట్రాక్టరు వెనక్కి తిప్పుకుని, ఎంత తొందరగా పోగలిగితే అంత తొందరగా పోయాడు.