కొండ ముందు ముగ్గురు

తను కలిపిన ఫోటోల్లో అతుకు కనిపెట్టే మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదని ఫోటోగ్రాఫర్ వీధి వీధంతా చెప్పుకునేవాడు.

పుట్టింది. ఆ మధ్యాహ్నం అతని కుర్చీ వెనకే నిలబడి, గొడుగులోని వానంతా అతని బూట్లలోకి ఒంపుతోంది.

"ఏమండీ ఫోటోగ్రాఫర్ గారూ, మా మేడ మీద నేను ఎంతమందిని?"

స్క్రీన్ ఈ చివర్నుంచి ఆ చివరికి కొండల వరస. ముందు పిట్టగోడ. దాని వెంట ఆమె మూడుసార్లు ఉంది: ఒకచోట కొండకేసి చూస్తూ, ఒకచోట జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ, ఇంకోచోట ఇటే, కాస్త పక్కకి చూస్తూ.

"అదా? వరసగా తీసిన ఫోటోల్ని పక్కపక్కన కలుపుతాం కదండీ. నేను కెమెరా తిప్పిన వైపే మీరూ నడిచారు. సాఫ్ట్‌వేర్ గుడ్డిది. కనబడ్డ చోటల్లా మిమ్మల్ని అతికించేసింది."

"మళ్లీ తీయగలరా?"

ఎంత కోతలరాయుడైనా ఇక తీయలేడు. ఆ ఫోటోలు తీశాక, ఆమె ఇంటెదురుగా లేస్తున్న బిల్డింగ్ ఈపాటికే కొండను నడుం దాకా మింగేసింది. పోయిన ఏడాది వాళ్లమ్మ చివరి రోజుల్లో మంచం మీంచి చూసింది ఆ కొండనే. నాన్న ఇప్పటికీ పొద్దున్నే ఆ కిటికీ తెరుస్తాడు. ఇంకొన్నాళ్లకి అక్కడ గోడే ఉంటుంది. అందుకే గది గోడంత ఫోటో కావాలని వచ్చింది.

ఆ నాన్న తలుపు పక్కన స్టూలు మీద కూర్చుని వానను చూస్తున్నాడు.

"అయితే నన్ను తీసేయండి," అంది. "నాన్నకి కావాల్సింది కొండ."

అతను మౌస్ కదిపాడు. జుట్టు తోసుకుంటున్న ఆమె మాయమైంది. ఆ చోట చక్కగా పిట్టగోడ, వెనక కొండ.

"ఆగండి. నేను లేని గోడ మీ దగ్గర ముందే ఉందా?"

"పక్క ఫోటోలో... ఉంటుందండి."

ఆమె వంగి, మిగిలిన బొమ్మల చుట్టూ ఉన్న సన్నటి గీత చూపించింది. "వెంట్రుక వెంట్రుక చుట్టూ ఇంత ఓపిగ్గా గీసింది మీ గుడ్డి సాఫ్ట్‌వేరేనా?"

ఫోటోగ్రాఫర్ చెవులు ఎర్రబడ్డాయి. పాతకాలం డార్క్‌రూమ్‌లో ఎర్రలైటు బదులు ఆ ఎరుపులోనే ఫోటోలు కడుక్కోవచ్చు.

నాన్న మెల్లగా లేచి వచ్చాడు. స్క్రీన్ దగ్గరకి ముఖం పెట్టి చాలాసేపు చూశాడు.

"బాబూ, కొండను చూస్తున్న అమ్మాయిని ఉంచెయ్యి," అని కూతురి వైపు తిరిగాడు. "మీ అమ్మ పోయాక నేనొక్కణ్నే చూస్తున్నానే తల్లీ. కొండని ఒక్కడే చూస్తే బాగోదు."

ఆమె తండ్రి మోచెయ్యి పట్టుకుని నిలబడింది.

తర్వాత స్క్రీన్ వైపు వేలు చూపించింది. "సరే, అది నాన్నకి. మరి ఆ చివరిది? తీసేయరేం?"

అతను మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. "అందులో మీరు నన్ను చూస్తున్నారండి."

"కెమెరాని!"

"కెమెరా స్టాండ్ మీద ఉంది. నేను పక్కన నిలబడ్డాను."

ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు. నాన్న ఉన్నట్టుండి వాన మీద ఆసక్తి పుట్టినవాడిలా మళ్లీ స్టూలు దగ్గరకి వెళ్లిపోయాడు.

"అయినా మీరు అబద్ధం చెప్పారు," అంది నెమ్మదిగా.

"చెప్పానండి. పాపం, సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు. అది మిమ్మల్ని మూడుసార్లూ తీసేసింది." అతను తల దించుకున్నాడు. "మూడుసార్లూ నేనే వెనక్కి తెచ్చుకున్నాను."