బూట్లు విప్పి వచ్చే దొంగ

వాండా కొట్లో ఒక పక్క కోళ్ళ దాణా, ఇంకో పక్క చేపల గాలాలు, మధ్యన అద్దాల బల్లలో తుపాకులు ఉంటాయి. నేను దాణా బస్తాల చుట్టూ తిరిగి, గాలాలతో నాకేదో పెద్ద పని ఉన్నట్టు వాటిని తిరగేసి, చివరికి అద్దాల బల్ల దగ్గరికి చేరేసరికి వాండా నవ్వు ఆపుకోలేకపోతోంది.

"రా నొరీన్, సిగ్గుపడకు. మొదటిసారి తుపాకీ కొనడానికి వచ్చినవాళ్ళంతా ముందు గాలాలే చూస్తారు."

అమెరికాలోని మా ఓజార్క్ కొండల్లో పుట్టి పెరిగి, నలభై దాటినా తుపాకీ ముట్టని ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. మా నాన్న ఏటా అడవికెళ్ళి జింకను కొట్టుకొచ్చేవాడు, నేను వండేదాన్ని, అంతవరకే. నేను బడి వంటశాలలో వంటమనిషిని. ఇన్నేళ్ళుగా ఎంత అల్లరి పిల్లలనైనా ఒక్క గరిటెతో అదుపులో పెట్టాను. ఈ జన్మకి అది చాలనుకున్నాను.

వాండా ఒక చిన్న పిస్తోలు తీసి బల్ల మీద పెట్టింది. దాని పిడి గులాబీ రంగు.

"ఈమధ్య ఆడవాళ్ళంతా ఇదే అడుగుతున్నారు."

"దీన్ని చూస్తే దొంగ నవ్వి చస్తాడే."

"ఎలా చస్తే మనకేంటి తల్లీ? చావడం ముఖ్యం."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ దాన్ని చేతిలోకి తీసుకోగానే నా నవ్వు ఆగిపోయింది. అంత చిన్న వస్తువు అంత బరువుంటుందని నేను అనుకోలేదు. సోమవారం వచ్చి ఏ సంగతీ చెబుతానని బయటపడ్డాను.

సంగతేమిటంటే, మా ఇంటి వెనక తలుపు దగ్గరికి ఎవరో వస్తున్నారు.

కంకర దారి చివర ఒంటరిగా ఉన్న ఆ ఇంటిని కిందటేడు ఆకురాలే కాలంలో వేలంలో కొన్నాం. యజమాని పోయాక ఎవరూ పట్టించుకోని ఇల్లు. వంటింటి బల్ల, కుర్చీలు, పొయ్యి పైన గోడకున్న కోడిపుంజు బొమ్మ గడియారం, అన్నీ ఇంటితోపాటే వచ్చాయి. ఒక వాసన కూడా వచ్చింది. పిప్పరమెంటు కలిపిన నమిలే పొగాకు వాసన. సోడా వేసి ఎన్నిసార్లు తోమినా ఆ బల్ల దగ్గర మాత్రం అది పోదు. మా ఇద్దరిలో ఎవరికీ పొగాకు అలవాటు లేదు.

క్రిస్మస్ వెళ్ళాక మా ఆయన లైల్‌ని కోళ్ళ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకి మార్చారు. తెల్లారి ఏడింటికి ఇల్లు చేరతాడు. బూట్లకి కోళ్ళ కంపు కాబట్టి వెనక వరండాలోనే వాటిని విప్పేసి, మేజోళ్ళతో పిల్లిలా లోపలికొస్తాడు. అతను రావడానికి గంట ముందు, ఇంకా కటిక చీకటిగా ఉండగా, ఆ చప్పుళ్ళు మొదలయ్యాయి. బండి రాదు. కుక్కలు మొరగవు. వరండా చెక్కలు కిర్రుమంటాయి. ఒక బూటు కిందపడిన చప్పుడు. కాసేపటికి ఇంకోటి. తర్వాత తలుపు పిడి నెమ్మదిగా తిరుగుతుంది. ఆగిపోతుంది. అంతే. దీపం వేసి చూస్తే ఎవరూ ఉండరు.

లైల్‌కి చెబితే పొట్ట పట్టుకుని నవ్వాడు. "బూట్లు విప్పి మరీ వచ్చే దొంగా! ఎంత మర్యాదస్థుడే! ఈసారి వస్తే కాఫీ ఇచ్చి పంపు."

"నువ్వు రాత్రంతా కోళ్ళ మధ్య హాయిగా ఉంటావు. ఇక్కడ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పడుకునేది నేను. నేను తుపాకీ కొంటున్నాను."

లైల్ నవ్వు తగ్గించాడు. "కొంటే మొదట పోయేది నేనే నొరీన్. చీకట్లో నీకు ఆవుకీ మనిషికీ తేడా తెలీదు."

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. నిజమైన మాట కాబట్టే ఎక్కువ వచ్చిందనుకుంటాను.

శనివారం మధ్యాహ్నం, పొలానికి అవతల ఉండే హోబర్ట్ గారు గుడ్లు ఇవ్వడానికి వచ్చాడు. భార్య పోయిన పెద్దాయన, నోట్లోంచి మాట రాలితే నేల పాడవుతుందేమో అన్నట్టుంటాడు. నేను వాండా కొట్టుకి వెళ్ళిన సంగతి అప్పటికే ఆయన చెవిన పడింది. జేబులోంచి చేతి రుమాలులో చుట్టిన పాత రివాల్వర్ తీశాడు.

"కొనేముందు ఈ ఒక్క రాత్రి ఇది ఇంట్లో పెట్టుకుని చూడమ్మాయ్. నిద్రపడితే కొనుక్కో. పట్టకపోతే రేపు చర్చి నుంచి వస్తూ తెచ్చిచ్చెయ్. చేతికి తేలిగ్గా అందేచోట మాత్రం పెట్టుకోకు."

"అందకపోతే ఇక దేనికండీ అది?"

ఆయన గోడ మీద కోడిపుంజు గడియారం వంక చూస్తున్నాడు. "ఇది ఇంకా ఇక్కడే ఉందా?" అన్నాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "మీ ఆయన ఎన్నింటికి వస్తాడు?" అని అడిగాడు.

"ఏడింటికి."

ఆయన మళ్ళీ గడియారం వంక చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మా దేశమంతా గడియారాలని గంట ముందుకు తిప్పుకునే రాత్రి. ఏటా మార్చిలో ఇలా ఒక గంట నిద్ర పోగొట్టుకుంటాం, నవంబరులో మళ్ళీ తెచ్చుకుంటాం. మర్నాడు చర్చిలో అందరం తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే రోజు కూడా. నేను బన్నుల పిండి పిసికి, గుడ్డ కప్పి, ఆ పిండి చేతులతోనే స్టూలెక్కి కోడిపుంజు గడియారాన్ని ముందుకు తిప్పాను. పొద్దున్నే బన్నులు పొయ్యిలో పెట్టాలి కాబట్టి దానంతటదే వేళ మార్చుకునే ఫోనులో ఏడింటికి అలారం పెట్టుకున్నాను. రివాల్వర్‌ని ఫ్రిజ్ మీద, రొట్టెల డబ్బా వెనకాల దాచి పడుకున్నాను.

వాన చప్పుడుకి మెలకువ వచ్చింది. కాసేపు కళ్ళు మూసుకుని చూశాను, నిద్ర పట్టలేదు. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి మీదుండే చిన్న దీపం ఒక్కటే వేశాను. పులిసిన పిండి వాసన వస్తోంది. దాని వెనకాల పిప్పరమెంటు వాసన, ఎప్పటికన్నా ఘాటుగా.

గడియారం ఆరు కావస్తోంది.

ఇక వాడొచ్చే వేళే అనుకున్నాను. లైల్ రావడానికి ఇంకా గంట ఉంది. ఫ్రిజ్ మీద నుంచి రివాల్వర్ తీశాను. కుర్చీ ఒకటి వెనక తలుపు వైపు తిరిగి, నాకోసం వేసినట్టే ఉంది. రాత్రి నేనే అలా వదిలేశాననుకుని కూర్చున్నాను.

వాన తెరిపిచ్చింది. చూరు నీళ్ళు ఒక్కో చుక్కా పడుతున్నాయి.

చెక్కలు కిర్రుమన్నాయి.

 బండి చప్పుడు లేదు... కుక్కల అలికిడి లేదు... ఒక బూటు కిందపడింది. నేను రెండో దానికోసం ఎదురుచూశాను. అదీ పడింది.

పిడి తిరిగింది.

ఎప్పుడూ ఇక్కడితో ఆగిపోయేది. ఈసారి ఆగలేదు. తాళంలో ఏదో ఇనుప ముక్క గీరుకుంటోంది. రివాల్వర్ ఎత్తాను.  ఎవరని అరుద్దామంటే నోట్లో తడి లేదు.

అప్పుడు నా కుడి చెవి పక్కన ఎవరో ఊపిరి వదిలారు.

వెచ్చగా... పిప్పరమెంటు వాసనతో...

"ఇంకా ఆరే కదా," అంది ఒక మగ గొంతు, గుసగుసగా. "అది ఏడింటికి గానీ రాదు."

నా చేతుల్లో టిక్కుమంది. రివాల్వర్ వెనకుండే కొక్కెం దానంతటదే వెనక్కి వెళ్ళి, పేలడానికి సిద్ధంగా నిలబడింది. నేను దాన్ని ముట్టుకోలేదు. ట్రిగ్గర్ మీదున్న నా వేలి మీద ఇంకో వేలు... లావుగా, గరుగ్గా... నొక్కుతోంది.

తలుపు తెరుచుకుంటోంది.

బల్ల మీద ఫోను మోగింది.

ఉలిక్కిపడి చూశాను. అలారం. ఏడు.

ఏడు! లైల్ వచ్చే వేళ! చేతులు రెండూ ఒక్కసారి కిందికి గుంజేసుకున్నాను. ఆ వేలు నా వేలిని వదిలింది. రివాల్వర్ ఒళ్ళో పడింది.

గుమ్మంలో మా ఆయన తడిసిన మేజోళ్ళతో, చేతిలో తాళంచెవితో నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. నా ఒళ్ళోకి చూశాడు. మనిషి మొహంలో నెత్తురు లేదు.

"దారంతా బురద," అన్నాడు, అదే ఇప్పుడు ముఖ్యమైన సంగతైనట్టు. "బండి రోడ్డు మీదే వదిలేసి నడిచొచ్చాను."

నేను లేచి వెళ్ళి అతన్ని గట్టిగా పట్టుకుని, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను. నా జీవితంలో కోళ్ళ కంపు నాకెప్పుడూ అంత బాగుండలేదు.

తర్వాత ఇద్దరం గడియారం చూశాం. ఆరే చూపిస్తోంది.

"తిప్పడం మర్చిపోయుంటావ్ లే," అన్నాడు లైల్.

స్టూలెక్కి చూశాను. గడియారం అంచున నా పిండి వేళ్ళ ముద్రలు ఎండిపోయి అలాగే ఉన్నాయి. వాటి మీద ఇంకో ముద్ర ఉంది. పెద్ద బొటనవేలిది. లైల్ తన వేలు పక్కన పెట్టి చూసుకున్నాడు. చాలలేదు. 

చర్చికి వెళ్ళలేదు. తిన్నగా హోబర్ట్ గారింటికి వెళ్ళి రివాల్వర్ ఇచ్చేశాను. ఆయన రుమాలు విప్పి, లేచి నిలబడ్డ కొక్కెం చూసి, వేలితో మెల్లగా దాన్ని దించాడు.

"కొక్కెం నువ్వు లాగావా అమ్మాయ్?"

"లేదండీ."

ఆయన పొలం అవతలున్న మా ఇంటివైపు తిరిగాడు. 

"ఆ ఇంట్లో ఎల్డన్ ఉండేవాడు. వాడి భార్య ఆర్లీన్ ఆసుపత్రిలో బట్టలుతికే చోట రాత్రి డ్యూటీ చేసేది. నీళ్ళలో నానిన బూట్లు వరండాలో విప్పి లోపలికొచ్చేది. ఆ చుట్టుపక్కల దొంగతనాలు జరుగుతున్నాయని వాడు కొత్తగా తుపాకీ కొన్నాడు. ఇలాంటి ఆదివారమే... గడియారం ముందుకు తిప్పడం మర్చిపోయాడు. గడియారంలో ఆరు. ఊళ్ళో ఏడు. ఆ పిల్ల రోజూ వచ్చే వేళకే వచ్చింది."

"మీరు ముందే ఎందుకు చెప్పలేదండీ?" నాకు ఒళ్ళు మండిపోయింది. "చెప్పకపోగా తుపాకీ తెచ్చి నా చేతుల్లో పెట్టారే!"

"ఇల్లు కొనేశాక చెప్పి ఏం లాభం అనుకున్నాను. నేనివ్వకపోయినా వాండా ఇచ్చేది. ఒక్క రాత్రి దాంతో గడిపితే నీ అంతట నువ్వే వద్దంటావని..." తల దించుకున్నాడు. "తప్పే. ఎల్డన్ ఆ తర్వాత వంటింటి కుర్చీలోంచి లేవలేదమ్మాయ్. తలుపు వంక చూస్తూ అక్కడే పోయాడు."

ఇంటికొచ్చి వాండాకి ఫోను చేశాను. ఆ గులాబీ పిడిది ఇంకెవరికైనా అమ్ముకో, మా ఇంటికి తుపాకీ వద్దు అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, ఎందుకని అడగలేదు కూడా. కోడిపుంజు గడియారం దించి, బ్యాటరీ తీసేసి, వెనక కొట్టంలో పెట్టి గడియ పెట్టాను. ఆదివారం రాత్రి లైల్‌కి సెలవు. చాలా రోజుల తర్వాత అతని గురక వింటూ హాయిగా పడుకున్నాను.

సోమవారం తెల్లవారుజామున నేను వంటింట్లో కాఫీ పెడుతున్నాను. బయట ఇంకా చీకటిగానే ఉంది. పడగ్గదిలోంచి లైల్ గురక వినబడుతోంది. ఫోను చూసుకున్నాను. ఏడు.

వరండా చెక్కలు కిర్రుమన్నాయి. ఒక బూటు పడింది. ఇంకోటి పడింది.

భయం వేసింది. కానీ ఈసారి భయం కన్నా జాలే ముందొచ్చింది. ఇన్నేళ్ళుగా డ్యూటీ చేసి, అలిసిపోయి, సొంత ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతున్న మనిషి. పిడి తిరిగింది. నేనే వెళ్ళి తలుపు బార్లా తీశాను.

ఎవరూ లేరు. చలిగాలి. పొడి చెక్కల మీద రెండు చిన్న తడి పాదాల గుర్తులు, గడపకి అవతల.

"లోపలికి రా ఆర్లీన్," అన్నాను. "వేళకే వచ్చావు తల్లీ. ఏడైంది. ఇక్కడ నిన్నెవరూ ఏమీ చెయ్యరు."

చూస్తుండగానే గడపకి ఇవతల, మా వంటింటి నేల మీద, మూడో తడి పాదం గుర్తు పడింది.

నా వెనక కుర్చీ జరిగింది. పిప్పరమెంటు వాసన గుప్పుమంది. లైల్ గురక పడగ్గదిలోంచి ఇంకా వినబడుతూనే ఉంది.

టిక్కుమంది... కొక్కెం వెనక్కి లాగిన చప్పుడు.

మా ఇంట్లో తుపాకీ లేదు.