కదలని యార్డు

ముఖ్య ప్రణాళికాధికారి లిఫ్టు ఎక్కేటప్పుడు బతికే ఉన్నాడు. దిగలేదు. తలుపు తెరుచుకునేసరికి మూలకు ఒరిగిపోయి ఉన్నాడు. చంకలో కాగితాల చుట్ట అలాగే ఉంది. మెడ వెనక సూది గుచ్చిన గుర్తు ఒక్కటే.

గంట తిరక్కుండా గూఢచార విభాగం పెద్దాయన ముంగిని పిలిపించాడు. అసలు పేరు ఏమిటో విభాగంలో ఎవరికీ తెలియదు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులున్న ఆఫీసులో నోట్లో నాపరాయి పెట్టుకున్నట్టు తిరిగేవాడు కాబట్టి ముంగి అన్నారు.

పెద్దాయన బ్రీఫింగ్ కత్తితో కోసినట్టుంటుంది. "చచ్చినవాడు పాతికేళ్ల ప్లాన్ రాశాడు. రేవు, దాని పక్కన షిప్‌యార్డు, యార్డు చుట్టూ ట్రైనింగ్ సెంటర్లు. ఏటా చదువు ముగించుకుని రోడ్డున పడే పిల్లలకి సొంతగడ్డ మీదే పని. రేపు మధ్యాహ్నం మంత్రి ముందు ఆమోదం."

"ఎవరికి నొప్పి?"

"మన పిల్లల్ని గనులకి తోలుకెళ్లే విదేశీ కంపెనీకి. పైకి కూలీల కాంట్రాక్టు, లోపల గూఢచారి ముఠా. ఇక్కడ పని దొరికితే అక్కడ గనిలోకి దిగేదెవడు? రేపటి సభలో బాంబు పెడతారని కబురు."

వాయిదా వేయండన్నాడు ముంగి. కుదరదన్నాడు పెద్దాయన. రేపు సాయంత్రంతో ప్రణాళికా సంఘం గడువు తీరిపోతుంది. కొత్త సంఘమంటే మళ్లీ మొదటికి. శత్రువుకి కావలసింది కూడా అదే.

ఉద్యోగం లేని కుర్రాడికంటే చవకైన సరుకు లోకంలో లేదు. ఆ సంగతి ముంగికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతని అక్క మొగుడు వయసంతా ఆ గనులకే ఇచ్చి, బదులుగా ఊపిరితిత్తుల నిండా దుమ్ము తెచ్చుకున్నాడు. ఇప్పుడు మేనల్లుడు అదే కంపెనీకి సంచీ సర్దుకుని కూర్చున్నాడు. ప్లాన్ పాసైతే ఉంటా, లేకపోతే ఓడెక్కుతా అని తల్లితో తెగేసి చెప్పాడు. అక్క రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు.

మర్నాడు పొద్దున ముంగి చెక్కపని మేస్త్రికి సాయగాడి వేషంలో ప్రణాళికా సంఘం హాల్లో ఉన్నాడు. ఖాకీ చొక్కా, చెవి మీద పెన్సిలు, పెన్సిల్లో మైకు, చిన్న స్పీకరు. హాలు మధ్య పెద్ద బల్ల. దాని మీద ప్రాంతమంతా చెక్కతో చేసి పరిచారు. పలకలు పలకలుగా నేల, వాటి మీద అగ్గిపెట్టెలంత రేవులు, ఫ్యాక్టరీలు, బళ్లు. బాంబు వెతికే డిటెక్టర్ బల్ల పొడుగునా కూస్తూనే ఉంది. పలకల నిండా మేకులే మరి.

పలకల మీది బొమ్మ కట్టడాలు వేటినీ అతికించకూడదన్నది చచ్చిపోయినాయన పెట్టిన రూలు. ఆమోదానికి ముందు ఊళ్ల ప్రతినిధులు వచ్చి, నచ్చనిదాన్ని చేత్తో తీసి ఇంకో చోట పెట్టి వాదించాలి. పొద్దున తూర్పున ఉన్న ఫ్యాక్టరీ సాయంత్రానికి పడమటకి చేరుతుందని మేస్త్రి విసుక్కున్నాడు. తన జిగురు డబ్బా ఏనాడో ఎండిపోయిందన్నాడు. రంగులకని బయటికి పంపిన పలకొకటి ఇందాకే వచ్చిందనీ, అదొక్కటే చూడముచ్చటగా ఉందనీ అన్నాడు.

అప్పుడు వచ్చింది నీలం కళ్లద్దాల మేడమ్. ప్రణాళికా సంఘానికి సలహాదారు, ముఠాకి నమ్మినబంటు, ముంగి విభాగానికి డబుల్ ఏజెంటు. నడిచొస్తుంటే హాలు హాలంతా తలతిప్పింది. ఒకప్పుడు పరాయి దేశంలో తన కారు డిక్కీలో దాచి ముంగిని సరిహద్దు దాటించింది ఆమే.

"గొడుగు తెచ్చావా?" అంది, బల్లకేసి చూస్తూ.

"చిల్లు పడింది."

కోడ్ సరిపోయింది. బాంబు మంత్రి కారులో ఉందని గొణిగి వెళ్లిపోయింది. ముంగి పెన్సిల్లోకి ఆ ముక్క చేరవేశాడు. బాంబు స్క్వాడ్ మొత్తం ముందువైపు కార్ల దగ్గరికి పరిగెత్తింది.

ఈలోగా ప్రతినిధులు బల్ల చుట్టూ చేరారు. వాళ్లలో బావ ఉన్నాడు.

"ఏరా బావమరిదీ, తూనికలూ కొలతల ఆఫీసులో గుమస్తానన్నావు. ఇక్కడ చెక్కలు మోస్తున్నావేం? పీకేశారా?"

"డెప్యుటేషన్ బావా."

"మీ అక్కకి చెప్పనులే. అసలే కొడుకు బెంగతో చస్తోంది," అని దగ్గుతూనే బల్ల మీదికి వంగాడు బావ. ట్రైనింగ్ సెంటరు తీసి పక్కన పెట్టాడు. షిప్‌యార్డు మరీ నీళ్లలో ఉందన్నాడు. యార్డుని వెనక్కి జరపబోయాడు. రాలేదు. రెండు చేతులా పట్టి లాగాడు. పలక లేచింది కానీ యార్డు ఊడలేదు.

"ఇదెవడు అతికించాడు? పీకితే రావట్లేదు."

మేస్త్రి మొహం తెల్లబోయింది. ముంగి బల్ల దగ్గరికొచ్చాడు. ఈ ఆఫీసు మనిషి చేసిన పని కాదిది. రంగులకెళ్లిన పలక. వంగి చెవి ఆనించాడు. లోపల టిక్ టిక్. తల ఎత్తి చూస్తే నీలం కళ్లద్దాలు హాల్లో లేవు.

అరవలేదు. అరిస్తే తొక్కిసలాటలో సగంమంది పోతారు. పలకని మేకులతో సహా పెకలించి, గుండెకి హత్తుకుని వెనక బాల్కనీకి పరిగెత్తాడు. కింద పెద్ద గొయ్యి. ఎప్పుడో ఒక ఎన్నికల ముందు శంకుస్థాపన చేసి వదిలేసిన ట్రైనింగ్ సెంటరు పునాది. అటు పురుగు కూడా వెళ్లదు.

అందుకే ఆమె అటు వెళుతోంది. గొయ్యి గట్టు మీద, దొడ్డిగేటు వైపు. అడుగుల చప్పుడుకి తలెత్తింది. ముంగిని చూసింది, చేతుల్లో పలకని చూసింది. కళ్లద్దాలు తీసింది.

వెనక హాల్లో బావ దగ్గు వినిపిస్తోంది.

ముంగి విసిరేశాడు.

భవనం అద్దాలన్నీ రాలిపోయాయి. మట్టి, ఇనుప చువ్వలు, పొగ. కిందికి దిగి చూస్తే ఆమె జడలోని పిన్ను దొరికింది. బోలుగా ఉంది, కొనకి సూది. లిఫ్టులో ప్రణాళికాధికారి పక్కన నిలబడింది ఎవరో తేలిపోయింది. ముంగి తన ఖాకీ చొక్కా విప్పి ఆమె మీద కప్పాడు. సరిహద్దు దాటిన రోజు ఆమె కూడా తన కోటుతోనే కప్పి దాచింది అతన్ని.

పైన మంత్రిగారు బల్ల కింద ఉన్నారు. సభ రద్దు చేద్దామని అక్కణ్ణుంచే ఆజ్ఞాపించారు. ప్రతినిధులు ఎవరూ కదల్లేదు. పలక ఊడిన చోట బల్లకి నల్లటి కంత పడింది. బావ జేబులోంచి అగ్గిపెట్టె తీసి, కంత పక్కన ఒక పలక మీద పెట్టాడు.

"ఇదే యార్డు అనుకోండి. ఇప్పుడు చేతులెత్తండి. నా కొడుకు సంచీ గుమ్మంలో ఉంది."

చేతులు లేచాయి. గాజుపెంకులు గీరుకుని నెత్తురు కారుతున్నవి కూడా లేచాయి. గడువు లోపలే ప్లాన్ పాసైంది.

బావ ఇంటికి ఫోన్ చేసి, సంచీ విప్పమని మాత్రం చెప్పి పెట్టేశాడు. తర్వాత చాలాసేపు దగ్గాడు.

ముంగి చెవి మీది పెన్సిలు గొణిగింది. పెద్దాయన. ఆమె సంగతి విన్నాననీ, రిపోర్టులో రాయడానికి ఒక్క ముక్క కావాలనీ అన్నాడు. బాంబు యార్డులో ఉందని ఎలా కనిపెట్టాడట?

ముంగి పెన్సిలు తీసి నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"యార్డుని గట్టిగా కట్టారు సార్. మనవాళ్ల పని కాదని అర్థమైపోయింది."