పడవకి ఎవరి పేరు?

"ఇదేం న్యాయమండీ టీచర్?" అంటూ హాసిని లేచి నిలబడింది.

విజయకుమారి టీచర్ బోర్డు మీద అంగారకుడికీ గురుడికీ మధ్య బోలెడన్ని చుక్కలు పెట్టారు. అవన్నీ సూర్యుడి చుట్టూ తిరిగే రాళ్ళు, గ్రహశకలాలు. ఒక చుక్క పక్కన 'వైను బప్పు' అని రాశారు. ఆ రాయికి పెట్టిన పేరది. ఆయన మన దేశపు ఖగోళ శాస్త్రవేత్త.

"దాన్ని కనిపెట్టింది ఆయన కాదన్నారుగా. మరి కనిపెట్టినాయన తన పేరే పెట్టుకోవచ్చుగా?"

"సొంత పేరు పెట్టుకోవడం మర్యాద కాదనుకుంటారమ్మా. గౌరవించేవాళ్ళ పేరు పెడతారు."

హాసిని మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ కోపం ఊరికే రాలేదు. పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డున వాళ్ళ నాన్న బాబ్జీ పాత పడవ ఉంది. "రంగు నువ్వే వెయ్యి, పేరు కూడా నీ ఇష్టం" అన్నాడాయన. ఇంకేముంది, పొద్దున్నే 'హాసిని' అని ఇంత లావున రాసేసి బడికొచ్చింది. రేపు ఆ పడవ చేపల వేటకి వెళ్తుంది.

సాయంత్రం ఒడ్డుకి వెళ్ళేసరికి నాగమల్లేశ్వరి అత్త పడవ నీడలో చిరిగిన వల కుడుతోంది. నైలాను దారం కోసి ఆమె వేళ్ళనిండా గాట్లు. పడవ పాత రంగంతా గీకింది కూడా అత్తే. హాసిని దాని మీద బ్రష్ ఆడించిందంతే.

"నీ పేరు భలే రాశావే" అంది అత్త. నిజంగానే మెచ్చుకుంది.

హాసినికి సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గుడ్డని కిరసనాయిల్లో ముంచి, ఇంకా ఆరని తన పేరు తుడిచేసింది. బ్రష్ తీసుకుని 'నాగ' అని రాసింది.

పక్క పడవ బాబూరావు తాత పరుగున వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "వల కుట్టే మనిషి పేరు పడవకా? గంగమ్మ తల్లి పేరు పెట్టు, లేదంటే నీ పేరే ఉంచు. ఊరంతా నవ్వుద్ది."

"నవ్వనీ తాతా. ఆకాశంలో రాయిని కనిపెట్టినాయనే తన పేరు పెట్టుకోలేదు. నేను పెట్టుకుంటానా?"

"వద్దులేవే, నాకెందుకు" అని అత్త లేవబోయింది.

"నువ్వు కూర్చో అత్తా."

"నువ్వైనా చెప్పరా బాబ్జీ" అన్నాడు తాత, అప్పుడే అటొచ్చిన హాసిని నాన్నతో.

"పేరు దాని ఇష్టమని మాటిచ్చాను బాబాయ్" అన్నాడు బాబ్జీ, రంగు డబ్బా కూతురికి అందిస్తూ.

తాత కదల్లేదు. హాసిని బ్రష్ రంగులో ముంచింది.

"కాస్త పక్కకి జరుగు తాతా. మా అత్త పేరు పొడుగు. చోటు చాలట్లేదు."